జడ్సనుగారును ఆయన ఇంటివారును చెల్లించిన వెల

లూకా సువార్త 14వ అధ్యాయములో మన ప్రభువు గోపురము కట్టగోరిన ఒక మనుష్యుని గూర్చి చెప్పెను. అట్టివాడు పునాది వేయకమునుపే కూర్చుండి తన చేతి సొమ్ము చాలునో చాలదో చూచుకొనవలెనని ఆయన భావము. ఇల్లు కట్టించిన ప్రతి రైతునకు ఇది తెలిసిన సంగతియే. అతనికి మరియొక సంగతికూడ తెలియును. ఎంత జాగ్రత్తగా చూచుకొన్నను వేసిన లెక్క ఒకటి, అయిన ఖర్చు మరియొకటి. ఈ రెంటికిని నడుమ ఎంత దూరముండగలదో అదోనీరాము జడ్సనుగారి జీవితమును చదివినప్పుడు మనకు తేటపడును.

ఆయన 1788వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీన అమెరికా దేశమందు మసాచుసెట్సు రాష్ట్రములోని మాల్డెన్ అను ఊరిలో పుట్టెను. తండ్రి పాదిరిగారు. తండ్రి పేరే కుమారునికి పెట్టిరి. అదోనీరాము అనునది మన బైబిలులోని పేరే. సొలొమోను రాజు కొలువులో వెట్టిపనుల మీద అధికారియైన వాని పేరు అది. ఈ అదోనీరాము మూడేండ్ల ప్రాయమందే చదువ నేర్చెను. 1807లో కాలేజీ చదువు ముగించినప్పుడు తన తరగతిలో మొదటివాడుగా నిలిచెను. అయితే ఆ కాలేజీలోనే ఈమ్సు అను మిక్కిలి తెలివిగల స్నేహితుడు దొరికెను. దేవుడు మనుష్యులతో మాటలాడలేదనియు, బైబిలు వట్టి కథలనియు ఆ స్నేహితుడు చెప్పగా పాదిరిగారి కుమారుడు నమ్మెను. ఇంటికి వచ్చి ఆ మాట తలిదండ్రులతో చెప్పి, వారిని దుఃఖపెట్టి, దేశము చూచుటకు బయలుదేరెను.

ఒక రాత్రి ఆయన త్రోవప్రక్క సత్రములో దిగెను. ప్రక్కగదిలో ఒక యౌవనస్థుడు చావుబ్రదుకుల మధ్యనుండెను. గోడ అవతలనుండి మూలుగులు వినబడుచుండగా జడ్సనుకు నిద్ర పట్టలేదు. ఈ మనుష్యుడు చావునకు సిద్ధపడియున్నాడా, తానైతే సిద్ధపడియుండునా అను తలంపు విడువలేదు. ఇట్టి పిరికి ఆలోచన ఈమ్సునకు తెలిసినయెడల నవ్వునుగదా అని సిగ్గుపడెను. తెల్లవారినప్పుడు అడుగగా ఆ యౌవనస్థుడు చనిపోయెనని చెప్పిరి. అతని పేరేమని అడిగెను. ఆ చనిపోయినవాడు ఈమ్సే.

జడ్సను గుఱ్ఱమును ఇంటివైపు త్రిప్పెను. 1808లో ఆండోవరు వేదాంత పాఠశాలలో చేరెను. ఆ దినములలో అమెరికా సంఘములు సముద్రము దాటి ఎవరిని పంపి యెరుగవు. ఆయనయు ఆయన తోటి విద్యార్థులు కొందరును అడిగినందువలన 1810లో అక్కడి మొదటి విదేశ మిషను సంఘము ఏర్పడెను.

ఆ యేటనే ఆయన ఆన్ హాసెల్టైన్ అను కన్యకను వివాహమాడగోరి ఆమె తండ్రికి ఒక ఉత్తరము వ్రాసెను. పిల్లనిమ్మని వ్రాయు ఉత్తరములలో అట్టిది మరియొకటి ఉండునో లేదో. వచ్చు వసంతకాలమున కుమార్తెను పంపివేసి ఈ లోకములో ఆమెను మరల చూడకుండుటకు మీకు సమ్మతమేనా అని ఆయన అడిగెను. సముద్రమందలి అపాయములు, హిందూదేశపు ఎండలు, లేమి, అవమానము, హింస, ఒకవేళ బలవంతపు చావు, ఇవన్నియు ఒక్కొక్కటిగా ఎత్తి చూపెను. వరుడు తనకున్న పొలమును, పశువులను లెక్కించి చెప్పుట మనమెరుగుదుము. ఈ వరుడు తన దగ్గర లేనివన్నియు లెక్కించి చెప్పెను. తండ్రి ఆ తీర్మానమును కుమార్తెకే విడిచెను. ఆమె వెళ్లుటకు ఒప్పుకొనెను. 1812 ఫిబ్రవరి 5న వారి వివాహము జరిగెను. మరునాడు ఆయన అభిషేకము పొందెను. 19న ఓడ యెక్కిరి.

ఇదిగో, లెక్క చూచుకొనుటయనగా ఇదియే అని మనము అనుకొందుము. కాని మొదటి ఖర్చు ఆ లెక్కలో లేనిచోటనుండి వచ్చెను. ఓడలో నాలుగు నెలలు లేఖనములు పరిశోధించుచు, బాప్తిస్మము విశ్వసించినవారికే ఇయ్యవలెనని ఆయన నిశ్చయించుకొనెను. పంపిన సంఘమువారు శిశువులకు బాప్తిస్మమిచ్చువారు. కలకత్తాలో దిగి, 1812 సెప్టెంబరు 6న కేరీగారి తోటిపనివాడైన వార్డుగారిచేత భార్యాభర్తలిరువురును ముంచబడిరి. ఆ దినముతో జీతము పోయెను. స్నేహితులును పోయిరి. ఈ విషయములో మన సంఘములవారు పలు తెరగుల తలంతురు, దానిని ఇక్కడ తర్కింపము. దూరదేశములో ఆధారమేమియు లేకుండ నిలిచి, మనస్సాక్షికి తోచినది చేసిరి అనుటయే ఇక్కడి మాట. కూడ వచ్చిన లూథరు రైసుగారును అట్లే చేసి, అమెరికాకు తిరిగి వెళ్లి సంఘములను కూర్చగా, 1814లో అక్కడ బాప్తిస్టు మిషను ఏర్పడెను. మన తెలుగు దేశమునకు 1836లో వచ్చిన డే దొరగారిని పంపినది ఆ మిషనే. నెల్లూరు, ఒంగోలు సంఘముల మూలము వెదకుచు పోయినయెడల ఆ ఓడ ప్రయాణము దగ్గర తేలుదుము.

కంపెనీవారు మిషనెరీలను తమ రాజ్యములో ఉండనియ్యక వెళ్లిపొమ్మనిరి. జడ్సను దంపతులు మారిషస్ దీవికి పోయి, అక్కడనుండి 1813 జూన్ నెలలో మద్రాసునకు వచ్చిరి. అక్కడను నిలువ వీలులేక రేవులో దొరికిన ఓడ యెక్కిరి. అది బర్మా దేశమందలి రంగూనుకు పోవు ఓడ. ఇప్పుడు ఆ దేశమును మయన్మారు అందురు. మన కోస్తా జిల్లాలనుండి కూలికై వెళ్లిన పెద్దలు ఆ పట్టణమును రంగము అనెడివారు. త్రోవలో ఆన్‌గారు ప్రసవింపగా బిడ్డ చనిపోయి పుట్టెను. జూలై 13న ఓడ రంగూను చేరెను; ఆమెను ఓడనుండి మోసికొని దింపవలసివచ్చెను.

బర్మా భాషలో అప్పటికి వారికి పనికివచ్చు వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. పదములకు నడుమ ఎడములేని వ్రాత. ఆయన ఒక పండితుని దగ్గర దినమెల్ల కూర్చుండి నేర్చుకొనెను. 1815లో రోజర్ అను కుమారుడు పుట్టెను; ఎనిమిది నెలలకే జ్వరముచేత పోయెను. ఏండ్లు గడచెను. నమ్మినవాడు ఒకడును లేడు. 1819లో ఆయన త్రోవప్రక్కను చావడి కట్టించి, ఆ దేశపు గురువులవలె అందులో నేలమీద కూర్చుండి వచ్చిపోవువారితో మాటలాడసాగెను. ఆ యేడు జూన్ 27న మౌంగ్ నౌ అను బీదవాడు ఊరి చెరువులో బాప్తిస్మము పొందెను. చెరువు గట్టున పెద్ద బుద్ధ విగ్రహముండెను. అమెరికా విడిచి ఏడేండ్లు దాటిన తరువాత అది మొదటి పండు.

నవంబరులో మరి ఇద్దరు బాప్తిస్మము కోరిరి. అయితే పొద్దు గ్రుంకిన తరువాత, జనము లేనప్పుడు ఇయ్యుమనిరి. మతము మార్చుకొన్నవారిని రాజు చంపించునేమో అను భయము ఆ దేశములో నిజమైనది. జడ్సను మనస్సు నొచ్చుకొనెను, అయినను వారిని గద్దింపక, చీకటి పడుచుండగా బాప్తిస్మమిచ్చెను. ఈ భాగము చదివినప్పుడు ఆయనమీద నాకు గౌరవము హెచ్చెను. ఎంత శ్రమపడినను ఆయన పరదేశి. ఎన్నడైన ఓడ యెక్కి పోగలవాడు. వారైతే అక్కడనే పుట్టి అక్కడనే చావవలసినవారు. మన పల్లెలలోను మొదట నమ్మినవారికి ఊరి బావి మూయబడెను. జాతరలో డప్పు కొట్టమన్నందుకు దెబ్బలు పడెను. అట్టివారి భయమును దూరమునుండి తూచుట తేలిక.

1820 జనవరిలో ఆయన రాజధానికి పోయి, నమ్మినవారిని హింసింపకుండ సెలవిమ్మని రాజునకు మనవి చేసెను. రాజు చేతికిచ్చిన చిన్న పత్రికలో ఒకటి రెండు మాటలు చదివి దానిని నేలను పడవేసెను. ఇక ఈ దేశములో పని సాగదని తోచి, సరిహద్దు ప్రాంతమునకు పోవుదుమని జడ్సను తలంచెను. అప్పుడు వెళ్లవద్దని వేడుకొన్నవారు ఆ ముగ్గురు బర్మీయులే. కనీసము పదిమంది అగువరకు ఉండుడి, వారిలో ఒకనిని బోధకునిగా నిలిపి అప్పుడు వెళ్లుడి, తరువాత రాజు ఏమి చేసినను ఈ మతము నిలుచును అని వారు చెప్పిరి. ఆయన ఉండిపోయెను. ఆ యేడు జూలై నెలకే పదిమంది అయిరి. చీకటిలో బాప్తిస్మము పొందినవారే ఈ మాట చెప్పిరని మరువకూడదు.

1823లో క్రొత్తనిబంధన తర్జుమా ముగిసెను. ఆరోగ్యముకొరకు అమెరికాకు వెళ్లిన ఆన్‌గారు తిరిగి రాగా, భార్యాభర్తలు రాజధానియైన ఆవాకు పోయి కాపురముండిరి. ఇంతలో 1824లో ఇంగ్లీషువారికిని బర్మా రాజునకును యుద్ధము కలిగెను. తెల్లవారందరును వేగులవారని అనుమానము పుట్టెను. జూన్ 8న రాజభటులు భోజనవేళకు ఇంటిలో జొరబడి, జడ్సనును నేలను పడద్రోసి, త్రాళ్లతో కట్టి ఈడ్చుకొనిపోయిరి.

ఆ చెరసాలకు కిటికీ లేదు. తలారులు ఒకప్పుడు నేరము చేసి ముఖముమీద పచ్చబొట్టు పొడిపించుకొన్నవారే. రాత్రులు ఖైదీల కాళ్ల సంకెళ్లలో వెదురుబొంగు దూర్చి, తలయు భుజములును మాత్రమే నేలకు ఆనునట్లు పైకెత్తి కట్టెడివారు. తొమ్మిది నెలలు మూడు జతల సంకెళ్లు, రెండు నెలలు ఐదు జతలు, ఆరు నెలలు ఒక జత, మొత్తము పదునేడు నెలలు ఆయన ఇనుము మోసెను.

ఆయన సంకెళ్లు మోసెను. మిగిలినదంతయు ఆన్‌గారు మోసెను. ఆ చెరసాలలో రాజు కూడు పెట్టడు. ఇంటివారు తెచ్చి పెట్టనియెడల ఖైదీ చచ్చును. ఆమె గర్భవతియై, ఇంటినుండి రెండు మైళ్లు నడచి అన్నము తెచ్చెడిది. ఒక అధికారి వాకిటనుండి మరియొక అధికారి వాకిటికి పోయి, కానుకలిచ్చి, బ్రతిమాలుకొని, రాత్రి ఒంటిగా ఇల్లు చేరెడిది. 1825 జనవరి 26న మరియ అను కుమార్తెను కని, కొన్నాళ్లకు ఆ పసికందును చెరసాల వాకిటికి ఎత్తుకొనిపోయి తండ్రికి చూపెను.

క్రొత్తనిబంధన వ్రాతప్రతి సంగతియు ఇక్కడనే చెప్పవలెను. మొదట దానిని ఇంటి నేలలో పాతిపెట్టిరి. వానకాలములో చెమ్మకు పాడైపోవునని ఆమె దానిని దూదిలో చుట్టి తలగడగా కుట్టెను. ఎవనికిని దానిమీద ఆశ కలుగకుండ గట్టిగాను, వికారముగాను కుట్టెను. దానిమీద తల పెట్టుకొని జడ్సను పండుకొనెడివాడు. 1825 మే నెలలో ఖైదీలను తరలించినప్పుడు కాపలావాడు తలగడ లాగుకొని, పై చాపను తీసికొని, లోపలి ముద్దను పారవేసెను. నమ్మినవారిలో మౌంగ్ ఇంగ్ అనువాడు దొరగారి గురుతుగా ఉండునని ఆ ముద్దను ఎత్తుకొనిపోయెను. అందులో ఏమున్నదో వానికి తెలియదు. నెలలు గడచిన తరువాత విప్పి చూడగా కాగితములన్నియు చెడిపోకుండ ఉండెను.

ఆ తరలింపు దినమున కాలుచున్న ఇసుకలో చెప్పులు లేకుండ నడిపించిరి. అరికాళ్ల చర్మము ఊడిపోయెను. తోటి ఖైదీయొక్క బెంగాలీ సేవకుడు తన తలపాగా చింపి ఆయన పాదములకు చుట్టి, భుజము ఆసరా ఇచ్చి నడిపించెను. ఆ సేవకుని పేరును మనకు ఎవరును చెప్పలేదు. క్రొత్తచోట ఆన్‌గారు జబ్బుపడి పాలు ఎండిపోగా, కాపలావారి సెలవుతో జడ్సను సంకెళ్లతోనే బిడ్డను ఎత్తుకొని ఊరిలో తిరిగి, బాలింతరాండ్రను పాలు అడుగుకొనెను. ఆ ఊరి తల్లులు ఇచ్చిరి.

ఇంగ్లీషుసేన దగ్గరపడగా సంధి మాటలకు దుబాసీ కావలసివచ్చి రాజు ఆయనను విడిపించెను. 1826 ఫిబ్రవరి 24న సంధి జరిగెను. భార్యాబిడ్డలను సముద్రతీరమందలి ఆమ్‌హర్స్టు అను క్రొత్త ఊరిలో దింపి, ఆయన కంపెనీ రాయబారితోకూడ మరల ఆవాకు వెళ్లెను. మతస్వాతంత్ర్యము గూర్చిన మాట ఒకటి ఒడంబడికలో చేర్పించుటకే వెళ్లెను. అది చేరలేదు. అక్కడ ఉండగా ఒక మనుష్యుడు నల్లముద్ర వేసిన ఉత్తరము ఇచ్చి, మీ బిడ్డ చనిపోయినందుకు విచారించుచున్నానని చెప్పెను. చెరసాలలో చిక్కిన బిడ్డ కదా, తల్లియైన మిగిలెనని తలంచుచు ఆయన ముద్ర విప్పెను. చనిపోయినది బిడ్డ కాదు, తల్లి. ఆన్‌గారు అక్టోబరు 24న, 36 ఏండ్ల ప్రాయమందు, భర్త దగ్గర లేకుండ కన్నుమూసెను. ఆరు నెలలకు, 1827 ఏప్రిల్ 24న, మరియయు పోయెను. తల్లి ప్రక్కనే పాతిపెట్టిరి.

మామగారికి వ్రాసిన ఉత్తరములో చావు ఉండెను, హింస ఉండెను. తాను బ్రదికియుండి ఆమె లేకుండుట మాత్రము ఆ లెక్కలో లేదు.

ఇక్కడనుండి కొన్ని ఏండ్ల కథను అనేకులు దాటవేసి వ్రాయుదురు. దాటవేయుట సరికాదని నా తలంపు. జడ్సను మనస్సు క్రుంగిపోయెను. కాలేజీవారు ఇచ్చిన గొప్ప బిరుదును తిరిగి ఇచ్చివేసెను. తన సొంత సొమ్ము మిషనుకిచ్చెను. తన్ను పొగడిన ఉత్తరములను కాల్చెను. మౌల్మేను ఊరి వెలుపల పులులు తిరుగు అడవి అంచున చిన్న గుడిసె వేసికొని ఒంటరిగా ఉండెను. ఒక సమాధి త్రవ్వి, దాని గట్టున కూర్చుండి తన దేహము క్రుళ్లుటను ఊహించుకొనెడివాడు. ఆన్‌గారు చనిపోయిన మూడవ యేటి దినమున, అనగా 1829 అక్టోబరు 24న, దేవుడున్నాడని నమ్ముచున్నాను గాని ఆయన నాకు కనబడుటలేదు అను భావముతో వ్రాసికొనెను. క్రొత్తనిబంధనను ఒక జనమునకు తెచ్చి ఇచ్చినవాడు ఆ మాట వ్రాసెను.

సహోదరులారా, మన ఇండ్లలో భార్యనో బిడ్డనో మట్టిచేసి వచ్చిన తరువాత ప్రార్థన నోటికి రానివారున్నారు. అట్టివారిని చూచి విశ్వాసము తక్కువ అని కొందరు వెనుక చెప్పుకొందురు. యోబు దినములనుండి స్నేహితులు చేయు పని అదే. జడ్సను ఆ చీకటినుండి ఒక్క గడియలో బయటికి రాలేదు. దర్శనమేదియు కలుగలేదు. సమాధి గట్టున కూర్చున్న దినములలోను తర్జుమా బల్లను బొత్తిగా విడువలేదు. 1830లో మరల ఊళ్లు తిరిగి సువార్త చెప్పెను. 1831లో రంగూను గొప్ప పండుగకు దూరప్రాంతములనుండి వచ్చినవారు యేసుక్రీస్తును గూర్చి చెప్పు కాగితము ఇయ్యుడని ఆయన వాకిట నిలిచిరి. అడిగినవారికి మాత్రమే ఇచ్చినను పదివేలవరకు చెల్లెను. తరువాత గదిలో కూర్చుండి, దినమునకు 25, 30 వచనముల చొప్పున పాతనిబంధన సాగించెను. 1834 జనవరి 31న చివరి పుట ముగించి, దానిని చేతులలో పట్టుకొని మోకరించెను. మరల ఆరేండ్లు దిద్ది, 1840 అక్టోబరు 24న దిద్దుట ముగించెను.

1834లో ఆయన సారా బోర్డ్‌మన్‌గారిని వివాహమాడెను. కరెను జనుల మధ్య పనిచేసి చనిపోయిన మిషనెరీ విధవ ఆమె. యాత్రికుని ప్రయాణ గ్రంథమును బర్మా భాషలోనికి మార్చినది. ఎనమండుగురు పిల్లలను కని ఆమె ఆరోగ్యము చెడెను. 1845లో చిన్నపిల్లలు ముగ్గురిని మౌల్మేనులో విడిచి అమెరికాకు ఓడ యెక్కిరి. విడిచిన పిల్లలలో ఒకడు ఆగస్టులోనే చనిపోయెను. సెప్టెంబరు 1న సెంట్ హెలినా దీవి రేవులో తల్లియు చనిపోయెను. ఆ దినముననే పాతిపెట్టి, సాయంత్రము ఓడ కదలెను.

33 ఏండ్ల తరువాత ఆయన స్వదేశములో కాలు పెట్టెను. జనము విరగబడి వచ్చెను. గొంతు చెడియుండుటచేత ఆయన గుసగుసగా మాటలాడగా ప్రక్కనున్నవారు బిగ్గరగా చెప్పెడివారు. చెరసాల కథలు వినవచ్చినవారికి ఆయన క్రీస్తు ప్రేమను మాత్రమే చెప్పెను. కొందరు నిరాశపడి వెళ్లిరి. అయితే ఆ నవంబరులో న్యూయార్కులో కూడిన సభలో డబ్బు చాలదని అరకాను మిషనును మూసివేయ తలపెట్టగా, వైద్యుల మాట ప్రక్కనపెట్టి లేచి వద్దనెను. మరియెవరును దొరకనియెడల తానే అక్కడికి పోవుదునని చెప్పెను. కొన్ని ఏండ్లకే మన తెలుగు మిషనును మూసివేయు మాటయు ఆ సంఘములోనే ఒకటి కంటె ఎక్కువసార్లు వచ్చెను. దానిని మూయకుండ నిలిపినవారివలన 1878 జూలై 3న ఒంగోలు దగ్గర ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

1846లో ఎమిలీ చబక్‌గారిని పెండ్లాడి ఆయన బర్మాకు తిరిగి వచ్చెను. ఇంగ్లీషునుండి బర్మా భాషకు నిఘంటువు 1849లో ముగించెను. తరువాత గట్టి జబ్బు చేసెను. సముద్రపు గాలి మేలుచేయునేమోనని 1850 ఏప్రిల్‌లో ఓడ యెక్కించిరి. నెలలు నిండిన ఎమిలీగారు కూడ వెళ్లలేకపోయెను. ఏప్రిల్ 12న ఆయన ఓడలోనే చనిపోయెను. ప్రార్థన చేయువారు లేకుండ, ఆ సాయంకాలమే దేహమును సముద్రములో దించిరి. పది దినములకు మౌల్మేనులో ఎమిలీగారికి మగబిడ్డ చనిపోయి పుట్టెను. భర్త సంగతి ఆమెకు ఇంచుమించు నాలుగు నెలలకు గాని తెలియలేదు.

ఆయన పోవునాటికి ఆ దేశములో నమ్మినవారు వేలకొలదిగా ఉండిరి. వారిలో ఎక్కువమంది కరెనులు. ఆయన బైబిలును బర్మా సంఘములు నేటికిని చదువుచున్నవి. బర్మా భాషనుండి ఇంగ్లీషునకు వ్రాయుచుండిన రెండవ నిఘంటువు సగములో ఆగిపోయెను. ఆ కాగితములను స్టీవెన్సుగారు అనువారు తీసికొని పూర్తిచేసి, 1852లో అచ్చువేయించిరి.